రెండో గొంతుకు జాగా

పోయిన వారం హరీశ్‌ను మనం ఫ్యాక్టరీ బస్సులో, చివరి సీట్లో, చెవుల్లో ఇయర్‌ఫోన్స్‌తో వదిలిపెట్టాం. ‘నీలం జొన్న’ అనే పేరుతో ఎవరో నెట్‌లో పెడుతున్న పాటలు చలికాలం నుంచీ అతనికి ప్రాణమైపోయాయి. ఒక్క గదిలో, ఒక్క మనిషి, ఒక్క ఫోనుతో చేసిన పాటలవి. ఆ పొద్దున వచ్చిన కొత్త పాట కింద ‘ఈ గదిల చేసిన ఆఖరి పాట. రేపటి సంది ఈ గది నాది కాదు’ అని రాసి ఉంది. పాట చివర, గొంతు ఆగిపోయాక మిగిలిన నిశ్శబ్దంలో, దూరంగా ఒక ఆడమనిషి పిలుపు వినిపించింది. “ప్రవీణా, పాలు పొంగుతున్నాయి చూడు.”

ఆ పిలిచింది అతని తల్లి వెంకటలక్ష్మి. ప్రవీణ అతని భార్య.

హరీశ్ పాటను వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు. అదే పిలుపు. లేచి డ్రైవర్ దగ్గరికి వెళ్లి, ఒంట్లో బాగాలేదని చెప్పి, చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద దిగిపోయాడు. జహీరాబాద్ వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కాడు. పక్కన కందిపప్పు సంచితో కూర్చున్న పెద్దావిడ ఏదో అడిగింది. అతనికి వినపడలేదు. పాత పాటలన్నీ మొదటినుంచి వింటున్నాడు.

నిరుడు వానాకాలంలో బిడ్డ పోయాక అతనికి సినిమా పాట ఏదీ చెవికెక్కలేదు. బస్సులో ఊరికే ఫోను తిప్పుతుంటే ఒక వింత పాట తగిలింది. చిలీ దేశంలో ఎవరో వంటింట్లో కూర్చుని, శ్రుతి తప్పిన గిటార్‌తో, కలవరిస్తున్నట్టు పాడుకున్నాడు. దాని వెంట ఇంకొకటి. అస్సాంలో ఒకావిడ కుట్టుమిషన్ చప్పుడునే తాళంగా పెట్టుకుని పాడింది. అన్నీ జానపదాల్లాగే మొదలై, సగంలో ఎటో కలలోకి జారిపోయే పాటలు. ఒకే గొంతు మూడు గొంతులై పలికేది, మాటలు వెనక్కి తిరిగి నడిచేవి. వాటిలో కుర్చీ కిర్రుమనేది, కుక్క మొరిగేది, పాడేవాళ్లు మధ్యలో దగ్గేవాళ్లు. ఎవరూ శుభ్రం చేయని ఆ పాటల్లో తన దుఃఖానికి కూర్చోవడానికి చోటు దొరికినట్టు అనిపించింది అతనికి. చివరికి ఒకరోజు తెలుగులో, అదీ ఈ జహీరాబాద్ పల్లెల యాసలో, ‘నీలం జొన్న’ దొరికింది. సాగదీసినట్టున్న ముసలి గొంతు. న్యాల్‌కల్ అవతల ఏ చేను గుడిసెలోనో ఒంటరిగా ఉంటున్న పెద్దాయన అనుకున్నాడు. ‘మీ వయసెంతండీ’ అని ఒకసారి రాశాడు కూడా. ‘నా గొంతుకు ఎనబై ఉంటయి. నాకు తెల్వదు’ అని జవాబు వచ్చింది.

ఇప్పుడు ఆటోలో వింటుంటే ఆ పాటల్లోంచి తన ఇల్లు ఒక్కొక్కటిగా బయటికి వస్తోంది. అతను వాన అనుకున్నది చేటలో జొన్నలు దొర్లించిన చప్పుడు. గుడి గంటలు అనుకున్నవి వాళ్ల స్టీలు గ్లాసులు. కళ్లు మూసుకుని సముద్రమే అనుకున్న ఆ హోరు వాళ్ల పడకగదిలోని పాత కూలర్. ఆ సముద్రం ఒడ్డునే రోజూ పడుకుని లేస్తున్నాడు.

ఆటో దిగి కాలనీలోకి నడిచాడు. అతని తండ్రి సాంబశివరావు కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి, ఇప్పుడు హరీశ్ పనిచేస్తున్న ఫ్యాక్టరీలోనే ఫోర్‌మన్‌గా రిటైరై, ఇక్కడే ఈ చిన్న ఇల్లు కట్టుకున్నాడు. హరీశ్ పుట్టింది, పెరిగింది ఈ ఊళ్లోనే. ప్రవీణది న్యాల్‌కల్ దగ్గర పల్లె. క్రైస్తవ కుటుంబం. టౌనులో ఇద్దరూ ఒకే కంప్యూటర్ సెంటర్‌లో చదువుకున్నప్పుడు ఇష్టపడి, రెండిళ్లనూ ఒప్పించి పెళ్లి చేసుకున్నారు.

వెంకటలక్ష్మి వంటింట్లోంచి తొంగిచూసింది.

“ఏరా, అప్పుడే వచ్చేశావేంటి? జ్వరమా?”

“కాదమ్మా. నాన్నేరి?”

“రైతుబజారుకెళ్లారు. మధ్యాహ్నం వాళ్ల నాన్న వస్తున్నాడుగా ప్రవీణని తీసుకెళ్లడానికి. నాలుగు కూరలు తెమ్మన్నాను.”

“ఎందుకు తీసుకెళ్లడం?”

ఆమె చేతిలో గరిటె ఆగింది. “కొన్నాళ్లు అక్కడుండి వస్తానందిరా. నీతో చెప్పానందే.”

ప్రవీణ అతనితో ఏమీ చెప్పలేదు. చెప్పింది ‘నీలం జొన్న’ వినేవాళ్లకి.

పడకగది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలికి వెళ్లాడు. స్టీలు బీరువా తలుపులు రెండూ తెరిచి, లోపల వేలాడదీసిన బొంతలు తీసి మడతపెడుతోంది ప్రవీణ. చలికాలం అయిపోయినా ఆ బొంతలు బీరువాలో ఎందుకు వేలాడుతున్నాయని అతను ఎప్పుడూ అడగలేదు. బీరువాలో తలపెట్టి పాడితే గొంతు బయటికి పోదు. మంచం మీద సగం సర్దిన బ్యాగు ఉంది.

“ఐడీ కార్డు మర్సిపోయినవా?” అంది అతనివైపు చూడకుండానే.

హరీశ్ తలుపు మూసి, దానికి ఆనుకుని నిలబడ్డాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. తెలిసిన మాటలు పాటలోవే.

“ఎర్రమన్నుల దీపం పెట్టిన... వాన తాగి దీపం మొలిసింది” అన్నాడు. పాడలేదు, అప్పజెప్పినట్టు అన్నాడు. “మొలిసిన దీపానికి కన్నులున్నయి...”



బొంత ప్రవీణ చేతుల్లోంచి జారింది.

“ఎవరు చెప్పిన్రు నీకు?”

“ఎవరూ చెప్పలేదు. నేనే విన్నాను.”

“ఎప్పటి సంది?”

“చలికాలం నుంచి. రోజూ బస్సులో వింటున్నాను.”

“చలికాలం సంది” అని ఆమె మెల్లగా మళ్ళీ అంది. “ఒక్క మంచం మీద పండుకుంటున్నం. నా గొంతు గుర్తుపట్టలే నువ్వు.”

“ఎవరో ముసలాయన అనుకున్నాను ప్రవీణా. నువ్వు పాడగా నేనెప్పుడు విన్నాను?”

“పెండ్లికి ముందు మా చర్చిల పాడితే విన్నవు. నీకు యాదికి లేదు.” ఆమె మంచం అంచున కూర్చుంది. “అయినా అది నా గొంతు కాదు. దవాఖాన నుంచి వచ్చినంక ఏం పాడబోయినా అండ్ల ఏడుపే వస్తుండె. నా ఏడుపు నేనే ఇనలేకపోయిన. ఫోన్ల రికార్డు జేసి, మెల్లగ జేసి, ఇంకా మెల్లగ జేసి చూసిన. మా అవ్వ నారమ్మ కలుపు తీసుకుంట పాడినట్టయింది. గప్పుడు ఇనబుద్ధయింది. నాకు అవ్వ వచ్చి పక్కన కూసున్నట్టు ఉండె.”

“నాతో ఎందుకు చెప్పలేదు?”

“నీతోని ఏం చెప్పాలె? నేను ఇంటికొచ్చే వరకే పాప బట్టలు ఇంట్ల లేవు. ఉయ్యాల లేదు. దాని గురించి ఇగ మాట్లాడుకోవద్దు అన్నవు. సరే అన్న. నీతోని మాట్లాడలే. ఫోనుతోని మాట్లాడిన.”

వాటిని తీసేసింది అతనే. అవి కనపడితే ఆమె తట్టుకోలేదనుకున్నాడు. నిజానికి తట్టుకోలేనిది తనేనని అప్పుడు కూడా లోలోపల తెలుసు.

“నీకొకటి చెప్పాలి” అన్నాడు. “చెప్పాక నువ్వు నన్ను తిట్టినా సరే.”

“ఇప్పుడు తిట్టుడేముంది? బ్యాగు సర్దుకున్న. నేనే ఒకటి చెప్త, విను. నాకు ఈ ఇంట్ల ఎవ్వరు లేరనుకుంటున్నవేమో. నాకొక దోస్తు ఉంది. పేరు తెల్వదు, ఊరు తెల్వదు. నేను పాట పెట్టంగనే వింటది. ఏ మాట కాడ నాకు గొంతు వణికిందో అది గూడ చెప్తది. పాట విని బస్సుల మొఖం దాచుకొని ఏడ్చిన అని ఒకపారి రాసింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అయి ఉంటది. తల్లి గాకుంటే అట్ల ఏడ్వదు.”

హరీశ్ కళ్లు మూసుకున్నాడు.

“నాకు తోవ చూపించింది గూడ ఆమెనే” అంది ప్రవీణ. “నేను పోవాల్నా ఉండాల్నా తెల్వక తిరుగుతుంటే, ఒక్క మాటల తేల్చింది. ‘చివరి సీటు’ అని పేరు పెట్టుకుంది.”

“అది నేనే.”

ఆమెకు అర్థం కాలేదు.

“చివరి సీటు నేనే ప్రవీణా. బస్సులో నేను కూర్చునేది చివరి సీట్లోనేగా.” అతను ఫోను తీసి, అకౌంట్ తెరిచి ఆమె ముందు పెట్టాడు. ఆమె రాసిన జవాబులన్నీ అందులో ఉన్నాయి. ప్రవీణ ఫోను ముట్టుకోలేదు. వంగి చదివింది. చదువుతున్నంతసేపూ ఆమె ముఖంలో కోపం రాలేదు. ఇంట్లో దీపాలు ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ వెళ్లినట్టు ఆ ముఖంలో వెలుగు తగ్గుతూ పోయింది.

“అంటే ఆమె గూడ లేదు” అంది చివరికి.

“నేనున్నాను కదా...”

“నువ్వు కాదు. నాకు ఆమె ఉండె. పొద్దుగాల లేస్తే ఆమె ఏం రాసిందో అని చూస్తుంటి. వంట జేసుకుంట ఆమెతోని మనసుల మాట్లాడుకుంటుంటి. నా బిడ్డ పోయింది, ఇప్పుడు ఆమె గూడ పోయింది.” ఆమె గొంతు పెంచలేదు. “బస్సుల ఎవరో తెల్వని మనిషి కోసం ఏడ్చినవు. ఇంటికొచ్చి నా పక్కన గోడ దిక్కు మొఖం పెట్టి పండుకున్నవు. గా ఏడుపుల కొంచెం నాకు ఇస్తే ఏం పోతుండె హరీశ్?”

అతను మంచం పక్కన నేలమీద కూర్చుండిపోయాడు.

“నీ ముందు ఏడిస్తే నువ్వు ఇంకా కుంగిపోతావనుకున్నాను.”

“కుంగిపోతుంటి. ఇద్దరం కుంగిపోతుంటిమి. ఒక్కదాన్నే అయితే లోతు ఎక్కువ ఉంటది.”

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. ఇద్దరూ అది అయిపోయేదాకా ఆగారు. పాటలు చేసుకున్న ఇన్నాళ్లలో ప్రవీణకు అలవాటైన ఆగడం అది.

“నాకు నువ్వు ఇచ్చిన సలహా యాదికుందా?” అని అడిగింది.

గుర్తుంది. ఇంటి దారంతా అతన్ని పొడుస్తున్నది అదే. హోలీ ముందు ‘నీలం జొన్న’ ఒక ప్రశ్న రాసింది. ‘ఒక పాట చేస్తున్న. అండ్ల రెండో గొంతుకు జాగా ఉంచిన. కానీ ఆ గొంతు మనిషి పోయినోళ్ల పేరు గూడ ఎత్తడు. ఆ జాగా ఉంచాల్నా, తీసెయ్యాల్నా?’ హరీశ్ బస్సు దిగేలోగా జవాబు రాశాడు. ఆ జవాబు రాసినందుకు ఆ రోజంతా తనమీద తనకు కొంచెం గౌరవం కూడా కలిగింది.

“పోయినవాళ్ల పేరు ఎత్తని మనిషికి మీ పాటలో చోటెందుకు, తీసెయ్యండి అని రాశాను” అన్నాడు.

“తీసేసిన” అంది ప్రవీణ. “తీసేసి, మా నాయనకు ఫోన్ జేసి నన్ను తీస్కపో అన్న.”

“అది నా గురించి అని నాకు తెలీదు.”

“తెల్వకనే నిజం చెప్పినవు. తెలిస్తే చెప్పకపోతుంటివి.”

“ప్రవీణా, వెళ్లొద్దు.”

“ఎందుకు పోవద్దో ఒక్కటి చెప్పు.”

అతను చెప్పబోయినవన్నీ నోటిదాకా వచ్చి చిన్నవైపోయాయి. ప్రేమ అనబోయాడు. మళ్ళీ మొదలుపెడదాం అనబోయాడు. ఆమె అవేవీ వినడానికి కూర్చోలేదని తెలుస్తూనే ఉంది.

“సరే, నేనొకటి అడుగుత. దానికైన జవాబు చెప్పు” అంది. “పాపను ఏడ పెట్టిన్రు?”

ఆ గదిలో ఆ ప్రశ్న పైకి రావడం అదే మొదటిసారి.

“నాకు తెలీదు” అన్నాడు హరీశ్.

“నిజంగ తెల్వదా?”

“తెలీదు. ఆ రోజు నేను పుణెలో ట్రైనింగ్‌లో ఉన్నాను కదా. నీకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయని కబురొచ్చి బయల్దేరాను. నేను బస్సు దిగేసరికే అంతా అయిపోయింది. నాన్న బస్టాండుకొచ్చారు. రా, ఒక్కసారి చూసి వద్దువుగాని, ఆ చోటు చూపిస్తాను అన్నారు. నేను రానన్నాను. ప్రవీణ దగ్గరికి పోదాం పదండి అన్నాను. నీకు రక్తం ఎక్కుతోంది, నువ్వు దక్కుతావో లేదోనని భయం అన్నది నిజమే. కానీ అదొక్కటే కాదు. ఆ మట్టి చూస్తే అది నిజమైపోతుందనిపించింది. తర్వాత నాన్న ఇంకోసారి కూడా అడిగారు. వద్దన్నాను.”

“నన్ను అడిగితే నేను పోతుంటి” అంది ప్రవీణ. “కుట్లు ఉన్నా, జ్వరం ఉన్నా, పాక్కుంటనైన పోతుంటి. నేను మత్తుల ఉన్న. కన్న గాని చూడలే. ముట్టుకోలే. అత్తయ్యను అడిగితే అసుంటివి అడగొద్దమ్మా అన్నది. మా నాయన నాకు రక్తం కోసం ఊరంత తిరుగుతుండె, ఆయనకు తెల్వదు. ఇంట్ల అందరు నన్ను కాపాడుతనే ఉన్నరు. నా బిడ్డ ఏ మన్నుల ఉందో ఒక్కరు చెప్పలే. అందుకే అన్ని పాటలల్ల మన్నును అడుగుత. ఎర్రమన్నును అడిగిన, నల్లమన్నును అడిగిన.”

తలుపు మెల్లగా తెరుచుకుంది. వెంకటలక్ష్మి నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇప్పుడా మాటలన్నీ ఎందుకురా?” అంది కొడుకుతో. “దాని ఒళ్లే ఇంకా కుదుటపడలేదు. వదిలెయ్యండమ్మా. వాళ్ల నాన్న వచ్చే వేళయింది.”

“వదిలేసిన అత్తయ్యా” అంది ప్రవీణ. “అందరం వదిలేసినం. అందుకే గిట్లయింది.”

ఆమె బ్యాగు జిప్పు తెరిచి తన ఫోను తీసింది. చిన్న స్పీకర్ ఒకటి, బట్టల కింద దాచినది, తీసి కిటికీ గట్టుమీద పెట్టింది.

“ఇది నెట్ల పెట్టలే” అంది. “నువ్వు తీసెయ్యుమన్న జాగా దీంట్లనే ఉండె. మొదలు చేసిన పాట ఇట్లనే దాచుకున్న. పోయేముంగట ఒక్కపారి ఈ ఇంట్ల వినిపించి పోత. మీరు గూడ వినుండ్రి అత్తయ్యా.”

పాట మొదలైంది. ముందు చాలాసేపు జొన్నలు చేటలో అటూ ఇటూ దొర్లాయి. దాని కింద కూలర్ హోరు. తరవాత పిల్లల బొమ్మ కీబోర్డు మీద ఒక్కటే స్వరం, బ్యాటరీ అయిపోవచ్చినట్టు వంకర్లు పోతూ, పైకి పోబోయి పడిపోతూ. దానిమీద ఆ గొంతు వచ్చింది. ఎనభై ఏళ్ల గొంతు. హరీశ్ ఎదురుగా ఉన్న తన భార్య ముఖాన్ని చూస్తూ వింటున్నాడు. ఆ ముఖానికీ ఆ గొంతుకూ మధ్య ఉన్న దూరమంతా ఆమె ఒక్కతే నడిచిందని అప్పుడు తెలిసింది.

*ఎన్నెల్ల తానమాడి వచ్చినవే*
*ఏరు దాటి ఎదురుంగ వచ్చినవే*

తరవాత ఖాళీ. జొన్నలు దొర్లడం కూడా ఆగిపోయింది. అక్కడ ఇంకో గొంతు పలకాలి. కూలర్ ఒక్కటే హోరుమంది. ఆ ఖాళీ అంత పొడవుంటుందని హరీశ్ ఊహించలేదు. తను ఏదో ఒకటి అనాలనిపించింది.

*మాటకు ముందే మర్లిపోయినవే*
*మబ్బు మీద అడుగులేసి పోయినవే*

మళ్ళీ ఖాళీ. వెంకటలక్ష్మి గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. వీధి గేటు తెరుచుకున్న చప్పుడు ఎవరికీ పట్టలేదు. సాంబశివరావు కూరల సంచీతో వరండాలోకి వచ్చాడు. లోపలినుంచి వస్తున్నది రేడియో అనుకున్నాడు కాబోలు, ‘ఏంటే ఈ పాట’ అంటూ రెండడుగులు వేసి, నేలమీద కూర్చున్న భార్యనూ కొడుకునూ చూసి గది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

*ఏడ్వకుంట వచ్చినావు బంగారీ*
*ఏడ్వకుంట పోయినావు బంగారీ*
*ఒక్కపారి ఏడ్వవైతివి బంగారీ*
*నీ గొంతెట్లుంటదో నేనెరగనైతి*

పాటలో మళ్ళీ నిశ్శబ్దం.

“ఏడ్చిందమ్మా.”

అన్నది సాంబశివరావు. చాలా నెమ్మదిగా అన్నాడు. పాట తనను అడిగినట్టు, దానికే జవాబు చెప్పినట్టు.

“ఏమండీ” అంది వెంకటలక్ష్మి. “మీరు ఊరుకోండి.”

“ఎన్నాళ్లని ఊరుకోను?” కూరల సంచీ ఆయన చేతిలోంచి జారి, టమాటాలు గుమ్మంలో దొర్లాయి. “ఆ మాట ఒక్కటి మార్చమ్మా పాటలో. పాప ఏడవకుండా పోలేదు. పుట్టగానే పోయిందని మేం నీతో అబద్ధం చెప్పాం. వాడితోనూ అదే చెప్పాం. ఇక్కడ కాదన్నారని అంబులెన్సులో నేనొక్కణ్ణే సంగారెడ్డి తీసుకెళ్లాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది. నా చేతుల్లోనే ఉంది. తెల్లారేదాకా ఉందమ్మా.”

స్పీకర్‌లో పాట తన దారిన తను సాగిపోతోంది. ప్రవీణ దాన్ని ఆపింది. హరీశ్ లేచి నిలబడ్డాడు, తండ్రివైపు ఒక అడుగు వేశాడు, అక్కడే ఆగిపోయాడు.

“ఎందుకు దాచారు నాన్నా?”

“ప్రవీణకి రక్తం ఎక్కుతోంది. ఇప్పుడేం చెప్పొద్దంది డాక్టరమ్మ. కాసేపు బతికి చనిపోయిందని తెలిస్తే తట్టుకోలేదు, పుట్టగానే పోయిందని చెబుదాం, కాస్త తేలికవుతుంది అనుకున్నాం నేనూ మీ అమ్మా. తర్వాత నిదానంగా చెబుదామనుకున్నాం. నీతో చెప్పడానికే ఆ చోటుకి రమ్మన్నాను. నువ్వు రానన్నావు. ఆ తర్వాత ఈ ఇంట్లో నన్నెవరూ ఏమీ అడగలేదు.”

వెంకటలక్ష్మి వెక్కి వెక్కి ఏడుస్తోంది. ప్రవీణ ఏడవలేదు. మామగారి ఎదురుగా వెళ్లి నిలబడింది. తిడుతుందని అనుకున్నాడు హరీశ్. ఆయన కూడా అదే అనుకుని తల దించుకున్నాడు.

“ఎట్ల ఏడ్చింది మామయ్యా?” అని అడిగింది. “సన్నగనా? గట్టిగనా? ఆపి ఆపి ఏడ్చిందా, ఒక్క తీరుగ ఏడ్చిందా?”

ఆయన చెప్పబోయాడు. చెయ్యి గాల్లోకి లేచింది. ఆ చెయ్యే జేబులోకి వెళ్లి పాత ఫోను ఒకటి బయటికి తీసింది. అద్దం పగిలి, అంచులకు టేపు చుట్టి ఉంది. కొత్తది కొనిస్తానంటే కొడుకు మీద ఎన్నోసార్లు విసుక్కున్న ఫోనది.

“వీడు దారిలో ఉన్నాడు కదా, వీడికి పంపిద్దామని అంబులెన్సులో వీడియో తీశాను. చీకటి, ఏమీ కనపడదు. గొంతు మాత్రం వినపడుతుంది.” ఆయన కళ్లజోడు తీసేశాడు. “పంపేలోపే పాప పోయింది. తీసెయ్యడానికి చేతులు రాలేదమ్మా.”

ప్రవీణ ఫోను అందుకుంది. ఆమె వేలు తెరమీద చిన్న బాణం గుర్తు దగ్గర ఆగింది. ఆమె కళ్లు మాత్రం ఫోను మీద లేవు. మామగారి వెనక సగం తెరిచి ఉన్న తలుపును చూసింది, తరవాత భర్తను చూసింది.

“ఈ పారి అడుగుతున్న హరీశ్” అంది. “వింటవా, బయటికి పోతవా?”